పెట్రోలు కొట్టించుకొస్తాం

మా ఆయన పాత బండి రోజుకి ఎంత పెట్రోలు తాగేదో మా అత్తగారికి ఎప్పుడూ అంతుపట్టలేదు. పొద్దున ఉద్యోగాలకి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చిన బండి, టీ తాగీ తాగకముందే మళ్ళీ బయల్దేరేది. "పెట్రోలు కొట్టించుకొస్తాం అత్తయ్యా" అంటూ నేను చెప్పులేసుకునేదాన్ని.

"పెట్రోలు కొట్టించడానికి ఇద్దరెందుకే అమ్మాయ్?" అని ఆవిడ ఓసారి అడిగింది.

"వెనక మనిషి కూర్చుంటే గానీ టైర్లలో గాలి సరిగ్గా ఉందో లేదో తెలియదంటండీ" అన్నాను. బడిలో సైన్సు చెప్పేదాన్ని కదా, నమ్మేసింది.

అసలు సంగతేమిటంటే, మేం పోట్లాడుకోవడానికి వెళ్ళేవాళ్ళం.

భవానీపురంలో మాది రెండు గదుల వాటా. అందులో అత్తగారు, మామగారు, కాలేజీ చదివే మరిది, ఇంటర్ చదివే ఆడపడుచు, మేమిద్దరం. మాకంటూ ఒక గది ఉంది, దానికి తలుపు కూడా ఉంది, గడియ మాత్రం లేదు. ఆ తలుపు వెనక మేకులకి ఇంటిల్లిపాది బట్టలూ వేలాడేవి. ఎవరికి చొక్కా కావాల్సొచ్చినా తలుపు తోసుకుని వచ్చేసేవాళ్ళు. మా ఆయన నాతో గుసగుసగా ఏదన్నా అంటే, వంటింట్లోంచి అత్తగారు దానికి జవాబు చెప్పేది. అలాంటి కొంపలో మొగుడూ పెళ్ళాం కడుపునిండా పోట్లాడుకోవడం ఎలాగో మీరే చెప్పండి.

అందుకని ఏ మాటైనా బండి మీదే. మా ఆయనకి ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. నాది మైలవరంలో బడి. పొద్దున్నే ఇద్దరం కలిసి బయల్దేరి, గొల్లపూడి, గుంటుపల్లి దాటి ఇబ్రహీంపట్నం రింగు సెంటర్ దాకా వెళ్ళేవాళ్ళం. అక్కడ నన్ను దింపితే నేను కొండపల్లి మీదుగా పోయే బస్సెక్కేదాన్ని. సాయంత్రం మళ్ళీ అక్కడే ఎక్కేదాన్ని. వెళ్ళేటప్పుడు అరగంట, వచ్చేటప్పుడు అరగంట. మాకున్న సొంతిల్లు అదే. పైగా పోట్లాటకి బండిని మించిన చోటు లేదు. ఆయన చూపు రోడ్డు మీద ఉంటుంది కాబట్టి నా మీద కళ్ళెర్రజెయ్యడానికి వీల్లేదు. నేను ఆయన్ని పట్టుకుని కూర్చోవాలి కాబట్టి విసురుగా లేచిపోవడానికి వీల్లేదు.

దానికో పద్ధతి కూడా ఉండేది. సాయంత్రం మొదలెట్టిన పోట్లాట మా సందు మొదట్లో ఉన్న సోడాబండి దగ్గరికొచ్చేలోపు తేలిపోవాలి. తేలకపోతే "ఇంకో రౌండు వెయ్యండి" అనేదాన్ని. ఆయన కిక్కురుమనకుండా బండిని కృష్ణ ఒడ్డు వైపు తిప్పేవాడు. నా నెమలికంఠం రంగు పట్టుచీర ఆడపడుచుకి ఇవ్వాలా వద్దా అన్నదానికి నాలుగు రౌండ్లు పట్టింది. చివరికి ఇచ్చాను. రౌండ్లన్నీ దండగ.

అంత బంగారంలాంటి బండిని, రెండువేల అయిదు ప్రాంతంలో ఒకరోజు, నాతో మాటమాత్రమైనా అనకుండా అమ్మేసి, స్పోర్ట్స్ బైకు కొనుక్కొచ్చాడు మహానుభావుడు.

ఎర్రగా నిగనిగలాడుతోంది. ముందూ పక్కలా ప్లాస్టిక్ డొప్పలు కప్పి ఉన్నాయి. హ్యాండిల్ ఎక్కడో కింద, ముందు చక్రం పక్కన వెతుక్కోవాలి. నడిపేవాడు ట్యాంకు మీద బోర్లా పడుకోవాలి. వెనక సీటైతే అటకే. చీర కట్టుకునే మనిషి ఒకతి దీని మీద ఎక్కుతుందన్న ఆలోచన దాన్ని చేసినవాడికి కల్లోక్కూడా వచ్చినట్టు లేదు.

మర్నాడే ఆయన్ని ఆటోనగర్‌లో మా మెకానిక్ భాయ్ దగ్గరికి లాక్కెళ్ళాను. పాత బండి నుంచీ మాకు ఆయనే దిక్కు. తెల్లగడ్డం, మోచేతుల దాకా గ్రీజు, మాట మాత్రం మెత్తన. చీర చక్రంలో పడకుండా జాలీ, కాళ్ళు ఆనించుకోవడానికి ఒక పలక వెయ్యమన్నాను. భాయ్ వెల్డింగ్ చేస్తున్నంతసేపూ తనలో తను నవ్వుకుంటూనే ఉన్నాడు.

"రేసుగుర్రానికి గంగిరెద్దు బొంత వేయించారమ్మా" అన్నాడు.

మా ఆయన మొహం మాడిపోయింది. నా మనసు మాత్రం కాస్త చల్లబడింది.

ఆ చల్లదనం రెండు రోజులు కూడా లేదు. ఆ బండితో పాటు మా ఆయన మెడ దాకా దిగే హెల్మెట్ కూడా కొన్నాడు. ఆయన తల ఎక్కడో స్పీడోమీటర్ దగ్గర, నా తల ఎక్కడో కరెంటు తీగల దగ్గర. మధ్యలో హోరుగాలి. "ఏవండీ" అంటే ఆ మాట వెనక వచ్చే లారీవాడికి వినబడాలి తప్ప ఈయనకి వినబడదు. గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టాను. ఒకరోజు గొల్లపూడి సెంటర్‌కి వస్తూ, "మీ చెల్లెలు నా క్రీము డబ్బా సగం ఖాళీ చేసి, అందులో నీళ్ళు కలిపిందండీ!" అని అరిచాను. అరుస్తుండగానే గేదెలు అడ్డొచ్చి ఈయన బండి ఆపేశాడు. హోరంతా టక్కున ఆగిపోయింది. నా మాట బస్టాపులో ఉన్న ఇరవై మందికీ స్పష్టంగా వినబడింది. అందులో ఒకావిడ "అయ్యో, నీళ్ళు కలిపితే విరిగిపోద్దమ్మా" అని జాలిపడింది.

తర్వాత సైగలు పెట్టుకున్నాను. వీపు మీద ఒకసారి తడితే ఆపమని, రెండుసార్లు తడితే నెమ్మదిగా పొమ్మని. మా ఆయనకి చెప్పాను కూడా, ఇంట్లో, అందరి ముందూ. ఆయన బుద్ధిగా తలూపి, మర్నాడు నేను రెండుసార్లు తట్టగానే మెచ్చుకుంటున్నాననుకుని ఇంకా జోరుగా పోనిచ్చాడు. దిగాక నా జడ చూసి బస్సు కండక్టర్ కూడా జంకాడు.

నవ్వులాటకి చెప్తున్నాను గానీ, అప్పుడు నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు మా హెడ్మాస్టర్ గారు స్టాఫ్ రూములో అందరి ముందూ నా పాఠాన్ని మెచ్చుకున్నారు. ఆ మాట ఈయనకి చెప్పాలని మైలవరం నుంచి ఒడిలో పెట్టుకుని తెచ్చినట్టు తెచ్చాను. దారిలో చెప్పడానికి లేదు. ఇంటికొచ్చేసరికి అందరూ టీవీ ముందున్నారు. పడుకోబోయే ముందు చెబుదామంటే మరిది లుంగీ కోసం తలుపు తోశాడు. ఇక చెప్పలేదు. అలాంటివి ఎన్నో నాలోనే పాచిపోయాయి. ఈయన కూడా ఇంట్లో ముభావంగా తిరిగేవాడు. కొత్త బండి మోజులో పడి నన్ను మర్చిపోయాడని నేను తీర్మానించేసుకున్నాను.

ఎలాగైనా ఆ ఎర్రబండిని వదిలించాలి. నాకు బండి కాదు కావాల్సింది, నా అరగంటలు. నేను చెబితే ఈయన వినడు, వినడానికి వినబడి చావదు కదా. అందుకని అత్తగారి చేత చెప్పించాలనుకుని ఒక ఎత్తు వేశాను.

ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే, "ఎండ మండిపోతోంది అత్తయ్యా, మీకు రిక్షా ఎందుకు, మీ అబ్బాయి బండి మీద వెళ్ళండి" అన్నాను తేనె పూసి. ఆవిడ ఆ అటక మీద ఒక్కసారి ఊగితే చాలు, "ఈ దెయ్యప్పీనుగని ముందు అమ్మి పారెయ్యరా" అని గోల చేస్తుంది, నా పని అయిపోతుంది. ఆవిడ స్టూలేసుకుని ఎక్కింది. ఒళ్ళో బైబిలు సంచి, చేతిలో గొడుగు. ట్యాంకు మీద బోర్లా పడ్డ కొడుకు ఎవరికీ కనబడడు. గోడల మీదుగా చూసేవాళ్ళకి మా అత్తగారొక్కతే గాల్లో కూర్చుని తనంతట తను పోతున్నట్టుంది.

చర్చి నుంచి వచ్చాక గుమ్మంలో నిలబడి, తిట్ల కోసం చెవులు రిక్కించాను.

"ఎంత బాగుందే అమ్మాయ్!" అంది ఆవిడ. మొహం వెలిగిపోతోంది. "అందరి ప్రహరీల అవతలా కనపడుతోంది. ఆ మూలింటావిడ ఈ ఏడు జామచెట్టు కాయలేదని నాతో ఎంత దీనంగా చెప్పిందీ! విరగ్గాసింది తెలుసా?"

అంతే. ఆవిడకి ఆ సీటు నచ్చేసింది. సాయంత్రం మేం ఇంటికి రావడం ఆలస్యం, చీర కుచ్చిళ్ళు సర్దుకుని తయారుగా ఉండేది. "పెట్రోలు కొట్టించుకొస్తామే అమ్మాయ్, పప్పు పొయ్యి మీద పెట్టు" అని నాతోనే చెప్పి వెళ్ళిపోయేది. నా మాట, నా సీటు, నా సాయంత్రం, మూడూ ఒకేసారి పోయాయి. ఎవరికి చెప్పుకోను?

ఒక్క లాభం మాత్రం కలిగింది. దాదాపు అదే సమయం నుంచీ ఆవిడ నా మీద వల్లమాలిన ప్రేమ కురిపించడం మొదలుపెట్టింది. అంతకుముందు చేపల పులుసులో నాకు తోక ముక్కో, విరిగిన ముక్కో పడేది. ఇప్పుడు కొర్రమీను మధ్య ముక్క గరిటెతో ఏరి మరీ నా కంచంలో వేసేది. చర్చిలో ఆడవాళ్ళతో "మా కోడలు లాంటి పిల్ల వెతికినా దొరకదు" అని చెబుతోందని తెలిసింది. బండెక్కించినందుకు ఇంత కృతజ్ఞతా అని ఆశ్చర్యపోతూ మధ్య ముక్క తినేసేదాన్ని.

ఇలా లాభం లేదని, ఒక సెలవు రోజు సిటీ బస్సెక్కి ఒక్కదాన్నే ఆటోనగర్ వెళ్ళాను. అన్ని షెడ్ల మధ్యా చీర కట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే. భాయ్ గబగబా స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. గడియ లేని తలుపు దగ్గర్నుంచి గొల్లపూడి క్రీము డబ్బా దాకా. భాయ్ నవ్వకుండా విన్నాడు.

"కొనేది ముందు కూర్చునే మనిషమ్మా, అమ్మించేది వెనక కూర్చునే మనిషి. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నా" అన్నాడు. "అందుకే నా దగ్గర ఒక పద్ధతుంది. బండి చేతులు మారేటప్పుడు వెనక కూర్చునేవాళ్ళని కూడా ఎక్కించి తిప్పి తీసుకురమ్మంటా. వాళ్ళు సరే అన్నాకే తాళం ఇస్తా. లేకపోతే వారం తిరక్కుండా బండి మళ్ళీ నా నెత్తినే పడుద్ది."

"అయితే మాకేం బండి కావాలంటారు?"

షెడ్డులో ఓ మూల ఉన్న నల్లబండిని చూపించాడు. డొప్పల్లేవు. ఇంజను మొత్తం బయటికే కనబడుతోంది. హ్యాండిల్ ఎత్తుగా, చేతికందేలా ఉంది. సీటు ఒకే తీరున పరిచినట్టుంది. "దీని మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు. రోజూ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి ఇదే సుఖం. నేకెడ్ బైకు అంటారమ్మా."

"ఆ పేరు మాత్రం మా ఇంట్లో ఎత్తకండి భాయ్, మా అత్తగారు చర్చిలో ప్రార్థన పెట్టించేస్తుంది" అన్నాను.

ఆ బండి తాలూకు కుర్రాడికి ఎర్రబండి మీద మోజట. బండికి బండి మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాడట. మిగిలింది మా ఆయన్ని ఒప్పించడం. భాయ్ గడ్డం నిమురుకుని, "సారు మెడ ఎట్లా ఉందమ్మా?" అని అడిగాడు.

"ఎట్లా ఉంటుంది? రోజూ నొప్పుల మందు నేనే రాస్తున్నా."

"అయితే ఓ వారం రాయకండి."

మహా తెలివైన మనిషి. ఆ వారం నాకు పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది చెయ్యి పడిపోయింది, పాపం. మందు సీసా ఎత్తలేకపోయాను. నాలుగో రోజుకి మా ఆయన పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సొచ్చింది. అయిదో రోజు, "ఓసారి భాయ్‌ని కలుద్దామా, హ్యాండిల్ కొంచెం పైకి లేపుతాడేమో" అని తనే అన్నాడు. నేను కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నాను.

రెండో శనివారం మధ్యాహ్నం వెళ్ళాం. భాయ్ హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ ఊపి, పెదవి విరిచి, "ఇది పైకి లేవదు సార్" అన్నాడు. తర్వాత నల్లబండి చూపించాడు. ఈయన ముక్కు చిట్లించాడు.

"అది రిటైరైనవాళ్ళు కూర్చునే తీరు భాయ్."

"ముందు ఎక్కండి సార్. పోరంకి దాకా పోయి రండి. టీచరమ్మ కూడా ఎక్కాలి. ఆమె సరే అంటేనే మిగతా మాట."

ఎక్కాం. నా గడ్డం సరిగ్గా ఆయన భుజం దగ్గరికి వచ్చింది. బందరు రోడ్డెక్కి కానూరు దాటాం. ఇన్నాళ్ళూ మాటలు దాచుకున్నదాన్ని, తీరా నోరు తెరిచే వీలు దొరికితే ఏం మాట్లాడాలో తోచలేదు.

"వినబడుతోందాండీ?" అన్నాను చివరికి.

ఈయన హెల్మెట్ గ్లాసు పైకెత్తాడు. "ఆఁ."

ఆ 'ఆఁ' విని ఎనిమిది నెలలైంది. ఈయన నెమ్మదిగా, "ఇంక అలక తీరిందా?" అన్నాడు.

"ఏం అలక?"

"ఎనిమిది నెలలుగా ఒక్కదానికైనా జవాబు చెప్పావా? రోజూ నేనే వాగుతున్నా, నువ్వు ఉలకవు పలకవు."

"ఎవరితో వాగారు?"

"నీతోనే. వెనకాల ఇంకెవరున్నారు?"

నాకు మతిపోయింది. ఈ మనిషి ఎనిమిది నెలలపాటు ట్యాంకు మీద బోర్లా పడుకుని, హెల్మెట్ లోపల, రోజూ నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. నా మాట ఆయనకి వినబడనట్టే ఆయన మాట నాకు వినబడదన్న ఊహే ఆ బుర్రకి తట్టలేదు. అడక్కుండా బండి కొన్నందుకు నేను పంతం పట్టి కూర్చున్నాననుకున్నాడు. గుంటుపల్లి దగ్గర మూడుసార్లు తప్పయిందని కూడా అన్నాడట.

"స్పీడోమీటర్‌కి చెప్పారా తప్పయిందని?"

"నాకేం తెలుసు? క్వార్టర్ సంగతి అడిగినప్పుడైనా పలుకుతావనుకున్నా."

"ఏం క్వార్టరు?"

"థర్మల్ కాలనీలో ఒకటి ఖాళీ అయింది. మన వంతు వచ్చింది. రెండు గదులు, వంటిల్లు. అప్లికేషన్ పెట్టనా అని మూడు రోజులు వరసగా అడిగా. నువ్వు ఊఁ అనలేదు. మా వాళ్ళని వదిలి రావడం నీకు ఇష్టం లేదనుకుని ఊరుకున్నా."

పోరంకి వచ్చింది. బండి తిప్పాడు. నేను ఆయన చొక్కా గుప్పిట్లో బిగించి పట్టుకుని, "తలుపులకి గడియలున్నాయా?" అని అడిగాను.

"అన్నిటికీ ఉన్నాయి."

"ఇప్పుడు పెట్టండి అప్లికేషన్."

"ఇంకేం పెట్టను? పక్క సెక్షనాయన చేరి కూడా మూడు నెలలైంది."

నేను ఇంకా ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే, "ఆ సంగతి చెబితే అమ్మ కూడా ఎంత సంతోషపడిందో" అన్నాడు. "క్వార్టర్ ఇస్తామన్నా నా కోడలు మమ్మల్ని వదిలి వెళ్ళనంది అని చర్చిలో అందరికీ చెప్పుకుంటోంది."

కొర్రమీను మధ్య ముక్కలన్నీ ఒక్కసారిగా గొంతులో అడ్డం పడ్డాయి. బండెక్కించినందుకు కాదు! వదిలి వెళ్ళనన్నందుకు! ఇప్పుడు ఏ మొహంతో ఆవిడ దగ్గరికెళ్ళి, అత్తయ్యా, నేను వినలేదు గానీ వినుంటే ఆ సాయంత్రమే పెట్టె సర్దేసేదాన్ని అని చెప్పను? చెప్పలేదు. ఈనాటికీ చెప్పలేదు. మధ్య ముక్క నాకే పడుతోంది.

ఇక ఆ రోడ్డు మీద మొదలెట్టాను చూడండి. ఎనిమిది నెలల బాకీ. అడక్కుండా బండి కొన్న దగ్గర్నుంచి, క్రీము డబ్బా మీదుగా, గడియల దాకా. ఆయనా ఊరుకోలేదు, "నోటితో చెప్పకపోతే ఇంట్లో ఒక చీటీ అయినా రాసివ్వచ్చుగా, టీచరువి కదా" అని ఎదురు తిరిగాడు. "మీ ఇంట్లో చీటీ పెడితే ముందు ఎవరు చదువుతారో తెలీదా మీకు?" అన్నాను. కానూరు దగ్గర ఇద్దరం ఒకేసారి అరుస్తున్నాం, ప్రతి అక్షరం ఇద్దరికీ వినబడుతోంది. నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. మధ్యలో ఎందుకో, "మా హెడ్మాస్టర్ గారు నన్ను మెచ్చుకున్నారు తెలుసా?" అని కూడా అరిచాను. "ఎప్పుడు?" అని అరిచాడు. "జులైలో!" అన్నాను.

ఆటోనగర్‌లో షెడ్డు ముందు భాయ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. "ఏం టీచరమ్మా, సరేనా?"

మా ఆయన బ్రేకు మీద కాలు పెట్టాడు.

"ఇంకా తేలలేదు భాయ్" అన్నాను. ఆయన భుజం మీద ఒక్కటి చరిచి, "ఇంకో రౌండు వెయ్యండి" అన్నాను.

రెండోసారి వచ్చేసరికి భాయ్ ఏమీ అడగలేదు. మా ఎర్రబండిని షెడ్డు లోపలికి నెట్టుకుంటున్నాడు. మేం ఆగలేదు. మా ఆయన బండిని మళ్ళీ బందరు రోడ్డు వైపు తిప్పి, గ్లాసు పైకెత్తి, తల కొంచెం నా వైపు వంచాడు.

"ఊఁ, జులైలో ఏమన్నారు హెడ్మాస్టర్ గారు?" అన్నాడు.